చేసి నేర్చుకునే చదువు: బడి ప్రాజెక్టుకు ప్రాణం ప్రశ్నే

ఏ జిల్లాలోనైనా పాఠశాల వైజ్ఞానిక ప్రదర్శనకు వెళ్తే కొన్ని నమూనాలు తప్పకుండా కనిపిస్తాయి. వంటసోడా, వెనిగర్ పోస్తే పొంగే అగ్నిపర్వతం, థర్మోకోల్ బంతులతో సౌర కుటుంబం, చిన్న మోటారుతో తిరిగే గాలిమర, ప్లాస్టిక్ గొట్టాలతో బిందు సేద్యం. ఏటా బల్లల మీద అవే ఉంటాయి, వాటి పక్కన నిలబడే పిల్లలు మాత్రం మారుతుంటారు. పట్టణాల్లో కొన్ని స్టేషనరీ దుకాణాలు ఇలాంటి నమూనాలను తయారు చేసి అమ్ముతున్నాయి కూడా. పిల్లవాడు వాటిని మోసుకొచ్చి, అట్ట మీద రాసి ఉన్న నాలుగు వాక్యాలు అప్పజెబుతాడు. మార్కులు పడతాయి.

ఇందులో రెండు నష్టాలున్నాయి. మొదటిది చదువుకు జరిగే నష్టం: పిల్లవాడు కొత్తగా ఏమీ కనుక్కోలేదు. రెండోది న్యాయానికి జరిగే నష్టం: నమూనా కొనగలిగిన ఇంటి పిల్లకు ఎక్కువ మార్కులు, పాత అట్టపెట్టె ముక్కలతో సొంతంగా చేసుకొచ్చిన పిల్లకు తక్కువ మార్కులు వస్తాయి. తెలుగు రాష్ట్రాల బడుల్లో నిర్మాణాత్మక మూల్యాంకనానికి ప్రాజెక్టు పనులు ఒక సాధనమయ్యాక ఈ తేడా నేరుగా మార్కుల జాబితాలోకి చేరింది. పిల్లల చేతికి పని ఇవ్వాలన్న మంచి ఆలోచన తల్లిదండ్రుల చేతి ఖర్చుగా మారకుండా ఉండాలంటే, అసలు ప్రాజెక్టు అంటే ఏమిటో స్పష్టంగా తెలియాలి.

కృత్యం, నమూనా, ప్రాజెక్టు, చేసి చూపే పరీక్ష

ఈ నాలుగు మాటలనూ బడుల్లో తరచూ ఒకే అర్థంలో వాడుతుంటారు. నిజానికి ఒక్కోదాని పని వేరు.

కృత్యం అంటే పాఠంలోని ఒక విషయాన్ని చేతులతో చేసి చూడడం. ఫలితం ముందే తెలుసు. పసుపు కాగితంపై సబ్బు నీరు పడితే ఎర్రబడుతుందని పుస్తకంలోనే ఉంటుంది. దాన్ని కళ్లారా చూడడమే కృత్యం లక్ష్యం.

నమూనా అంటే తెలిసిన విషయాన్ని ఎదుటివారికి చూపించే వస్తువు. గుండెలో నాలుగు గదులు ఎలా ఉంటాయో మట్టితో చేసి చూపడం ఇలాంటిది. నమూనాకు విలువ ఉంది, కానీ అది ప్రాజెక్టు కాదు.

ప్రాజెక్టు ఒక ప్రశ్నతో మొదలవుతుంది. ఆ ప్రశ్నకు జవాబు పిల్లలకు ముందు తెలియదు. చాలాసార్లు ఉపాధ్యాయునికి కూడా తెలియదు. పరిశీలించి, కొలిచి, రాసుకుని, లెక్క చూసి జవాబుకు చేరాలి.

చేసి చూపే పరీక్షలో పిల్లల ముందు ఒక చిన్న సమస్య, కొన్ని వస్తువులు పెడతారు. వాటితో వాళ్లు ఏం చేస్తారో, ఎందుకలా చేశామంటారో చూసి మార్కులు వేస్తారు. ఈత వచ్చో రాదో తెలియాలంటే నీళ్లలోకి దిగాలి. ఈత గురించి వ్యాసం రాయిస్తే తెలియదు. ఈ పరీక్ష వెనుక ఉన్న తర్కం అంతే.

చేతి పనిని చదువులో భాగం చేయాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో విలియం కిల్‌పాట్రిక్ ప్రాజెక్టు పద్ధతి గురించి 1918లో రాశారు. మన దేశంలో 1937లో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీమ్‌కు చేతి పనే కేంద్రం. అయితే ఆలోచన ఎంత మంచిదైనా ఇరుకు గదుల్లో, అరకొర సామగ్రితో, పరీక్షల ఒత్తిడి మధ్య అది నిలుస్తుందా అన్న అనుమానం ఉపాధ్యాయులకు ఎప్పుడూ ఉంటుంది. ఆ అనుమానానికి మన దేశంలోనే ఒక జవాబు దొరుకుతుంది.

హోషంగాబాద్ చూపిన దారి

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో, అంటే ఇప్పటి నర్మదాపురంలో, 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో ఒక ప్రయోగం మొదలైంది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు దీన్ని ప్రారంభించాయి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, ఢిల్లీ విశ్వవిద్యాలయం వంటి చోట్ల పనిచేసే శాస్త్రవేత్తలు, అధ్యాపకులు వచ్చి గ్రామీణ ఉపాధ్యాయులతో కలిసి కూర్చున్నారు. 1978లో జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నింటికీ ఇది విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ తర్వాత దీని బాధ్యత తీసుకుంది.

ఈ కార్యక్రమంలో 'బాల్ వైజ్ఞానిక్' అనే పుస్తకం వాడేవారు. అందులో ప్రయోగాలు, ప్రశ్నలు ఉండేవి. సిద్ధం చేసిన జవాబులు ఉండేవి కావు. నలుగురేసి పిల్లలు గుంపులుగా కూర్చుని, చేసి, చర్చించి, తమ జవాబు తామే నోటు పుస్తకంలో రాసుకోవాలి. బడులకు ఒక ప్రయోగాల పెట్టె అందేది. ఖరీదైన పరికరాల స్థానంలో చుట్టుపక్కల దొరికేవే వాడుకున్నారు. పూల భాగాలు విడదీసి చూడడానికి ఇనుప సూదుల బదులు తుమ్మ ముళ్లు సరిపోయాయి. పిల్లలు తమకు తోచిన ప్రశ్నలను 'సవాలీరామ్' అనే కల్పిత వ్యక్తికి ఉత్తరాలుగా రాసేవారు. వాటికి జవాబులూ వచ్చేవి.

ఇక్కడ అన్నింటికన్నా గమనించాల్సింది పరీక్ష. బోధన మార్చి పరీక్షను పాతదిగానే ఉంచితే పిల్లలూ ఉపాధ్యాయులూ మళ్లీ బట్టీకే వెళ్తారని నిర్వాహకులు గ్రహించారు. అందుకే పుస్తకం, తమ నోటు పుస్తకం తెరిచి చూసుకుంటూ రాసే పరీక్ష పెట్టారు. దానితోపాటు చేసి చూపే ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. పుస్తకం తెరిచినా జవాబు అందులో దొరకదు కాబట్టి, కాపీ కొట్టే అవసరమే తగ్గింది.

2002లో రాష్ట్ర ప్రభుత్వం ఈ కార్యక్రమాన్ని నిలిపివేసింది. అయినా 30 ఏళ్ల పాటు మామూలు ప్రభుత్వ బడుల్లో, మామూలు ఉపాధ్యాయులతో ఇది నడిచింది. చేతులతో చేసే విజ్ఞానం నగరాల్లోని ఖరీదైన బడులకే సాధ్యమన్న మాటకు ఇంతకన్నా గట్టి సమాధానం అక్కర్లేదు. 1978లో ఈ కార్యక్రమంలో కొంతకాలం పనిచేసిన అరవింద్ గుప్తా తర్వాత అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో రేఖాగణిత ఆకారాలు చేయించే పద్ధతిని దేశమంతా పరిచయం చేశారు. పారేసే వస్తువులతో బొమ్మలు చేయించి సూత్రాలు చెప్పడంలో ఆయన చేసిన కృషికి 2018లో పద్మశ్రీ లభించింది.

ఒక ప్రాజెక్టు: మీటరు కర్రతో భూమి చుట్టుకొలత

మంచి ప్రాజెక్టు ఎలా ఉంటుందో తెలియాలంటే ఒకదాన్ని మొదటి నుంచి చివరి దాకా చూడడం మేలు.

సుమారు 2,200 ఏళ్ల క్రితం ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఎరటోస్తనీస్ అనే పండితుడు నీడల సాయంతో భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. దక్షిణాన ఉన్న సైనీ పట్టణంలో ఒకానొక రోజు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అదే సమయంలో అలెగ్జాండ్రియాలో సూర్యుడు నడినెత్తి నుంచి వృత్తంలో 50వ వంతు, అంటే 7.2 డిగ్రీలు పక్కకు ఉంటాడు. రెండు ఊళ్ల మధ్య దూరాన్ని 50తో గుణిస్తే భూమి చుట్టుకొలత వస్తుంది.

దీన్ని రెండు తెలుగు ఊళ్లలోని బడులు కలిసి చేయవచ్చు. ఒకటి తిరుపతిలో, రెండోది ఆదిలాబాద్‌లో ఉందనుకుందాం. ఇవి దాదాపు ఒకే రేఖాంశం దగ్గర, ఒకటి దక్షిణాన, మరొకటి ఉత్తరాన ఉన్నాయి. మార్చి 21 ప్రాంతంలో ఒకే రోజున రెండు చోట్లా ఒక మీటరు కర్రను నిటారుగా నిలబెట్టి, దాని అతి చిన్న నీడను కొలవాలి. అప్పుడు తిరుపతిలో సుమారు 24.2 సెంటీమీటర్లు, ఆదిలాబాద్‌లో సుమారు 35.7 సెంటీమీటర్ల నీడ పడుతుంది. పదో తరగతి పిల్లలు త్రికోణమితి పట్టికతో, చిన్న తరగతుల వాళ్లు పెద్ద కాగితంపై త్రిభుజం గీసి కోణమానినితో కోణాలు కనుక్కోవచ్చు. మొదటిది సుమారు 13.6 డిగ్రీలు, రెండోది 19.65 డిగ్రీలు. తేడా 6.05 డిగ్రీలు.

ఉత్తర దక్షిణాలుగా ఈ రెండు ఊళ్ల మధ్య దూరం దాదాపు 670 కిలోమీటర్లు. 360ని 6.05తో భాగించి 670తో గుణిస్తే సుమారు 39,900 కిలోమీటర్లు వస్తుంది. ధ్రువాల మీదుగా భూమి అసలు చుట్టుకొలత సుమారు 40,008 కిలోమీటర్లు.

కాగితం మీద లెక్క ఇంత చక్కగా కుదిరింది కాబట్టి పని తేలిక అనిపిస్తుంది. పిల్లలు కర్ర పట్టుకుని ఎండలోకి వెళ్లాక అసలు చదువు మొదలవుతుంది.

మొదటి చిక్కు సమయం. మధ్యాహ్నం 12 గంటలకు నీడ అతి చిన్నగా ఉంటుందని అందరూ అనుకుంటారు. మార్చి 21 ప్రాంతంలో తిరుపతిలో అది దాదాపు 12.20కి, ఆదిలాబాద్‌లో దాదాపు 12.23కి వస్తుంది. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి లెక్కిస్తారు. ఆ రేఖ కాకినాడకు దగ్గరగా వెళ్తుంది. ఈ రెండు ఊళ్లూ దానికి పడమరన ఉన్నాయి కాబట్టి సూర్యుడు ఆలస్యంగా నడిమింటికి చేరతాడు. ఆ రోజుల్లో సూర్యుడు గడియారం కన్నా మరో ఏడు నిమిషాలు వెనకబడి ఉంటాడు. ఇవన్నీ ముందే చెప్పనక్కర్లేదు. 11.50 నుంచి 12.50 దాకా ఐదు నిమిషాలకోసారి నీడ కొన గుర్తు పెట్టమంటే, అతి చిన్న నీడ ఎప్పుడు పడిందో పిల్లలకే తెలుస్తుంది. 'పన్నెండుకి ఎందుకు కాలేదు?' అన్న ప్రశ్న వాళ్ల నుంచే వస్తుంది.

రెండో చిక్కు నీడ అంచు. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందువల్ల మీటరు కర్ర నీడ కొన దాదాపు ఒక సెంటీమీటరు మేర మసకబారి ఉంటుంది. నలుగురు పిల్లలు నాలుగు చోట్ల గీత గీస్తారు. ఆ సెంటీమీటరుతో ఎంత తేడా వస్తుంది? ఆదిలాబాద్ పిల్లలు 35.7 బదులు 36.7 అని కొలిస్తే భూమి చుట్టుకొలత సుమారు 36,800 కిలోమీటర్లకు పడిపోతుంది. ఒక్క సెంటీమీటరుకు 3,000 కిలోమీటర్లకు పైగా! కొలతలో పొరపాటు అంటే ఏమిటో ఏ పాఠమూ ఇంత బాగా చెప్పలేదు.

మూడోది కర్ర నిటారు. కర్ర ఉత్తరానికో దక్షిణానికో ఒక డిగ్రీ వాలినా కోణంలో దాదాపు ఒక డిగ్రీ తేడా వస్తుంది. మొత్తం తేడాయే ఆరు డిగ్రీలు కాబట్టి అది చిన్న పొరపాటు కాదు. తాపీమేస్త్రీలు గోడ నిటారుగా ఉందో లేదో చూసే గుండు దారం ఇక్కడ పనికొస్తుంది. కర్ర కొనకు చిన్న రంధ్రం ఉన్న అట్టముక్క కట్టి, ఆ రంధ్రం నుంచి గుండు దారం వదలాలి. గుండు నేలను తాకిన చోటు నుంచి, రంధ్రం గుండా నేల మీద పడే గుండ్రటి వెలుగు మధ్య వరకు కొలవాలి. ఎత్తును కూడా దారం వెంటే కొలవాలి. అప్పుడు కర్ర కాస్త వాలినా నష్టం లేదు, మసక అంచు బెడదా తగ్గుతుంది. ఈ ఉపాయాన్ని ఉపాధ్యాయుడు మొదటి రోజే చెప్పకుండా, పిల్లలు ఒకసారి తప్పు కొలిచాక అందుకునేలా చేస్తే ఎక్కువ మేలు.

నాలుగోది దూరం. రోడ్డు దూరం 800 కిలోమీటర్లు దాటుతుంది. అది వేస్తే భూమి ఉన్నదానికన్నా చాలా పెద్దదైపోతుంది. అక్షాంశాల నుంచి దూరం లెక్కిస్తే ప్రశ్నలోనే జవాబు దాచిపెట్టినట్టు అవుతుంది. గోడ పటం మీద స్కేలుతో రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం కొలవడమే సరైన దారి. ఏది వాడాలో, ఎందుకో తరగతిలో వాదించుకోవడం కూడా ప్రాజెక్టులో భాగమే.

ఈ పనికి మార్చి 21 తప్పనిసరి కాదు. సెప్టెంబరు చివరి నుంచి మార్చి చివరి దాకా ఏ రోజైనా, రెండు బడులూ ఒకే రోజు కొలిస్తే చాలు. వేసవిలో మాత్రం జాగ్రత్త పడాలి. అప్పుడు సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరానికి వెళ్తాడు కాబట్టి కొన్ని రోజుల్లో నీడ దక్షిణానికి పడుతుంది, లెక్క మారుతుంది. అలా దాటే రోజే నీడలేని రోజు. హైదరాబాద్‌లో అది మేలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి వస్తుంది.

మొత్తం ఖర్చు ఒక కర్ర, ఒక దారం, ఒక అట్టముక్క. అవతలి బడితో మాట్లాడడానికి ఒక ఫోను. ఇక్కడ డబ్బున్న ఇంటి పిల్లకు ప్రత్యేక లాభమేమీ ఉండదు.

చేసి చూపే పరీక్ష: నాలుగు సీసాలు

ప్రాజెక్టుకు వారాలు పడుతుంది. చేసి చూపే పరీక్ష ఒక పీరియడ్‌లో అయిపోతుంది. ఏడో తరగతి ఆమ్లాలు, క్షారాల పాఠం తర్వాత ఇవ్వదగిన ఒక ఉదాహరణ ఇది.

నాలుగు చిన్న సీసాల్లో వడగట్టిన పలుచని నిమ్మరసం, పలుచని సబ్బు నీరు, ఉప్పు నీరు, మంచినీరు పోసి 1, 2, 3, 4 అని అంకెలు వేస్తారు. పిల్లలకు పసుపు కాగితాలు, మందారపూల రసంలో ముంచి ఆరబెట్టిన కాగితాలు ఇస్తారు. రుచి చూడకూడదు. ఏ సీసాలో ఏముందో చెప్పాలి, ఎలా తెలిసిందో రాయాలి.

పసుపు కాగితం సబ్బు నీటిలో ఎర్రబడుతుంది. మిగతా మూడింటిలో పసుపుగానే ఉంటుంది. మందార కాగితం నిమ్మరసంలో ఎర్రటి గులాబీ రంగుకు, సబ్బు నీటిలో ఆకుపచ్చకు తిరుగుతుంది. ఇలా రెండు సీసాలు తేలిపోతాయి. మిగిలిన రెండు, అంటే ఉప్పు నీరు, మంచినీరు, ఈ కాగితాలతో తేలవు. రెండూ తటస్థమే.

ఈ పరీక్షలో అసలు విషయం అదే. 'ఈ కాగితాలతో ఆ రెండింటికీ తేడా చెప్పలేం' అని రాసిన పిల్లకు పూర్తి మార్కులు పడాలి. ఊహించి 3లో ఉప్పు ఉందని రాసిన పిల్లవాడి జవాబు అనుకోకుండా సరైనదే అయినా, దానికి ఆధారం లేదు. ఇంకో అడుగు ముందుకేసి, 'ఒక్కో చెంచా నీటిని స్టీలు పళ్లెంలో పోసి ఎండబెడితే ఉప్పు నీటి చోట తెల్లటి పొర మిగులుతుంది' అని దారి చూపిన పిల్ల విజ్ఞాన పద్ధతిని అందుకున్నట్టే. బహుళైచ్ఛిక ప్రశ్న ఈ ముగ్గురినీ విడదీసి చూపలేదు.

మార్కులు దేనికి?

చేతి పనికి మార్కులు వేయడం కష్టమని, ఉపాధ్యాయుని ఇష్టాయిష్టాలను బట్టి మారిపోతుందని ఒక విమర్శ ఉంది. అందులో నిజం లేకపోలేదు. కొలమానం ముందే రాసి, పిల్లలకు చూపించి పని మొదలుపెడితే ఆ ఇబ్బంది చాలా వరకు తగ్గుతుంది. దీన్నే ఉపాధ్యాయులు రూబ్రిక్స్ అంటున్నారు. పది మార్కుల ప్రాజెక్టుకు ఇలాంటి విభజన పనికొస్తుంది.

- ప్రశ్న (2 మార్కులు): కొలవడానికి, పరిశీలించడానికి వీలైన ప్రశ్నేనా? 'నీటిని ఆదా చేయడం ఎలా' అన్నది చాలా పెద్దది. 'మన బడి కుళాయి నుంచి రోజుకు ఎంత నీరు కారిపోతోంది' అన్నది పట్టుకోదగినది.
- కొలత, నమోదు (3 మార్కులు): ఒకటికి రెండుసార్లు కొలిచారా? తేదీ, సమయం, ప్రమాణాలు రాశారా? మొదట రాసుకున్న అంకెలు అలాగే ఉన్నాయా?
- ఆధారంతో నిర్ధారణ (3 మార్కులు): చెప్పిన జవాబు రాసిన అంకెల నుంచే వచ్చిందా?
- పరిమితులు (2 మార్కులు): ఎక్కడ పొరపాటుకు వీలుందో, మళ్లీ చేస్తే ఏం మారుస్తారో చెప్పగలిగారా?

ఇందులో రంగు కాగితాలకు, మెరుపు అట్టలకు, ముద్రించిన శీర్షికలకు మార్కులు లేవు. ప్రాజెక్టు నివేదిక కన్నా పిల్లల రఫ్ పుస్తకమే ముఖ్యమైన సాక్ష్యం. కొట్టివేతలు, నీళ్ల మరకలు, మళ్లీ కొలిచిన అంకెలు ఉన్న పుస్తకం ఆ పని నిజంగా జరిగిందని చెబుతుంది. అనుమానం ఉంటే రెండు నిమిషాలు మాట్లాడితే చాలు. 'మూడో రోజు అంకె ఎందుకు తక్కువొచ్చింది?' అని అడిగితే, చేసిన పిల్లకు చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. కొనుక్కొచ్చిన నమూనాకు మూడో రోజు ఉండదు.

అనుకున్న ఫలితం రాకపోతే మార్కులు తగ్గించకూడదన్నది మరో నియమం. తగ్గిస్తే పిల్లలు వెంటనే అంకెలు దిద్దడం నేర్చుకుంటారు. 36,800 అని నిజాయితీగా రాసి కారణం వెతికిన గుంపు, అంతర్జాలంలో చూసి 40,000 అని రాసిన గుంపు కన్నా మంచి పని చేసినట్టే.

పాత నమూనా నుంచి కొత్త ప్రశ్నకు

ఇప్పుడు బడుల్లో నడుస్తున్న ప్రాజెక్టు అంశాలను పూర్తిగా పక్కన పెట్టనక్కర్లేదు. వాటిని ప్రశ్నలుగా మారిస్తే చాలు.

- సౌర కుటుంబం నమూనా బదులు: పౌర్ణమి తర్వాత వారం రోజులు చంద్రుడు రోజుకు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తున్నాడు? సగటున దాదాపు 50 నిమిషాలు వస్తుంది. అన్ని రోజులూ ఒకేలా ఉండదు.
- నీటి పొదుపు చార్టు బదులు: కారే కుళాయి కింద 200 మిల్లీలీటర్ల గ్లాసు పెట్టి నిండే సమయం చూడాలి. 10 నిమిషాల్లో నిండితే గంటకు 1.2 లీటర్లు, రోజుకు దాదాపు 29 లీటర్లు వృథా అవుతున్నట్టు.
- పోషకాహారం చార్టు బదులు: మధ్యాహ్న భోజనంలో ఏ రోజు ఎంత మిగులుతోంది? వారం పాటు తూచి, ఏ కూర ఉన్న రోజు ఎక్కువ మిగిలిందో చూడాలి.
- విత్తనం మొలకెత్తే దశల బొమ్మ బదులు: ఉప్పు ఎంత ఉన్న నీటిలో పెసలు మొలకెత్తడం ఆగిపోతుంది? తీరప్రాంతంలో ఉప్పు నేలలున్న ఊళ్ల పిల్లలకు ఇది ఇంటి సమస్య.

చివరి ప్రశ్న పెద్ద తరగతికి బాగా సరిపోతుంది. 40 మంది పిల్లలుంటే నలుగురేసి పది గుంపులు అవుతారు. ఒక్కో గుంపు మంచినీటిలో పది గింజలు, ఉప్పు నీటిలో పది గింజలు పెడుతుంది. ఒక గుంపుకు తొమ్మిది, ఏడు మొలిస్తే ఉప్పు వల్లే తగ్గాయని చెప్పలేం, రెండు గింజలు పుచ్చువి కావచ్చు. పది గుంపుల లెక్కలు నల్లబల్ల మీద కలిపితే వందకు ఎన్నో తెలుస్తుంది. పిల్లలు ఎక్కువ మంది ఉండడం ఇక్కడ ఇబ్బంది కాకుండా బలం అవుతుంది. గుంపులో ఒకరు కొలవడం, ఒకరు రాయడం, ఒకరు సామగ్రి చూడడం, ఒకరు తరగతికి వివరించడం అని పనులు పంచి, రోజూ మార్చాలి. లేకపోతే ఆడపిల్లలు రాతకు, మగపిల్లలు ప్రయోగానికి అన్నట్టు స్థిరపడిపోయే ప్రమాదం ఉంది.

భద్రత విషయంలో కొన్ని నియమాలు రాజీ లేనివి. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు, నీడనే చూడాలి. తెలియని ద్రవాన్ని రుచి చూడకూడదు. ఇంటి కరెంటుతో ప్రయోగాలు చేయకూడదు, టార్చి బ్యాటరీలు చాలు. ఎండలో చేసే పనికి నీడపట్టు, తాగునీరు ముందే చూసుకోవాలి.

ఊరి ప్రశ్న, దేశం వేదిక

బడిలో మొదలైన ప్రశ్న బయటకు వెళ్లే దారులు కూడా ఉన్నాయి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఆధ్వర్యంలో 1993 నుంచి జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ జరుగుతోంది. 10 నుంచి 17 ఏళ్ల లోపు పిల్లలు తమ ఊరి సమస్యను ఎంచుకుని, ఒక మార్గదర్శి సాయంతో పరిశోధించి, జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో వివరిస్తారు. మెరిసే నమూనాకు అక్కడ పెద్ద పాత్ర లేదు. స్థానికంగా సేకరించిన సమాచారం, దాన్ని పిల్లలు అర్థం చేసుకున్న తీరు ముఖ్యం.

2020 జాతీయ విద్యా విధానం కూడా బట్టీ చదువు తగ్గించి, అనుభవంతో నేర్చుకునే పద్ధతిని అన్ని దశల్లో పాటించాలని చెబుతోంది. విధానం కాగితం మీద ఉంది. అది తరగతి గదికి చేరేది ఉపాధ్యాయుడు తర్వాతి ప్రాజెక్టుకు ఏ వాక్యం రాసి ఇస్తాడన్న దాన్ని బట్టి. 'ఫలానా నమూనా తయారు చేసి తీసుకురండి' అని రాస్తే పని దుకాణానికి వెళ్తుంది. 'ఫలానా విషయం కొలిచి, ఏం తెలిసిందో చెప్పండి' అని రాస్తే పని పిల్లల చేతికి వస్తుంది.

ఆ మార్పుకు కొత్త ప్రయోగశాల, అదనపు నిధులు అక్కర్లేదు. ఏడాదికి పది ప్రాజెక్టులు తూతూమంత్రంగా చేయించే బదులు ఒక్కటి, అదీ జవాబు ముందు తెలియనిది, ఓపికగా చేయిస్తే చాలు. రేపు నీటి నాణ్యత గురించో, ఎరువు మోతాదు గురించో, మందు ప్రకటన గురించో ఎవరో ఏదో చెప్పినప్పుడు 'మీరు కొలిచారా, ఎన్నిసార్లు కొలిచారు?' అని అడిగే అలవాటు ఆ పిల్లలకు అక్కడే అబ్బుతుంది.